నల్లచెవిది రాలేదు

లారీ ఆగగానే ముందు తలుపు దింపుతాం.
నారింజ రంగు తలుపు.
గోడలింకా లేవు, కప్పు లేదు,
గోబీ అంచున గడ్డి మీద
కాసేపు తలుపొక్కటే నిలబడి ఉంటుంది,
ఎటునుంచి చూసినా బయటే.
అప్పటికే ఇద్దరు పిల్లలు దాన్ని తోసి
అటు వెళ్ళి ఇటు వచ్చారు,
గడప మాత్రం తొక్కకుండా.

మధ్యాహ్నానికల్లా అల్లిక గోడలు విప్పి
ఒత్తిన ఉన్ని పట్టాలు చుట్టి
డ్రైవరు బత్‌సూర్ తాళ్ళు బిగించాడు.
ఇదే బడి. ఇరవై ఒక్క రోజులు.
సర్కారు వారి సరుకు: పన్నెండు బుల్లి కుర్చీలు,
పేర్లు అంటించిన పళ్ళ బ్రష్షులు, బొమ్మల పెట్టె,
ఇంకా నేను.

కొందరు గుర్రాల మీద వచ్చారు.
ఒకడు అన్న మోటారు సైకిలు ట్యాంకు మీద
నిద్రపోతూ వచ్చాడు.
అందరికీ ఆరు నిండబోతున్నాయి.
సెప్టెంబరు నుంచి వీళ్ళు
ఎనభై కిలోమీటర్ల అవతల
అమ్మ పక్కన లేని మంచం మీద పడుకోవాలి.

ఆ హాస్టలుకి మెట్లుంటాయి.
వీళ్ళు గుర్రమెక్కారు, గుట్టలెక్కారు,
మెట్టెప్పుడూ ఎక్కలేదు.
సామాను పెట్టెలు పేర్చి నేను మూడు మెట్లు చేస్తే
"ఈ గుట్టెందుకిలా విరిగింది?" అంది జోల్‌జయా.
పాకుతూ ఎక్కింది.
పైన నిలబడి, దిగడమెలాగో తోచక,
దూకేసింది.
పాఠాల జాబితాలో మెట్లు లేవు.
డైరీలో 'శారీరక వికాసం' అని రాసుకున్నాను.

పదో రోజు మదింపు కాగితాలు తీశాను.
బొమ్మ చూపించి అడగాలి, మేకలెన్ని అని.
ఏడు. జవాబు వెనకవైపు అచ్చేసే ఉంది.

దుల్గూన్ వేలు పెట్టి లెక్కపెట్టలేదు.
కళ్ళు చికిలించి, ఎండలో దూరం చూసే ముసలాడిలా
చాలాసేపు చూశాడు.
"నల్లచెవిది రాలేదు" అన్నాడు.

"ఎన్నున్నాయి, నాన్నా?"

"ఇది తల్లి. ఈ పిల్ల దానిది కాదు, దీనిది.
ఈ కుంటిది ఎప్పుడూ వెనకే.
నల్లచెవిది రాలేదు."

వాళ్ళింట్లో మూడొందలకు పైనే ఉన్నాయట.
సాయంత్రం మంద దిగుతుంటే వాళ్ళ నాన్న
ఒక్క చూపు చూసి
గుర్రం వెనక్కి తిప్పుతాడట.

గడిలో టిక్కు పెట్టాలా, సున్నా చుట్టాలా?
పెన్సిలు చెక్కుకునే వంకతో బయటికొచ్చాను.
అక్కడ వాళ్ళమ్మ, పాల క్యానుతో.
"మావాడు పనికొస్తాడా?"
మామూలుగానే అడిగింది, కానీ
క్యాను రెండుసార్లు చెయ్యి మార్చుకుంది.

"ఇకమీదట వాడికి రెండు లెక్కలు కావాలి,
ఒకటి వచ్చు" అన్నాను.

ఆమె నవ్వలేదు.
"రెండోదొస్తే మొదటిది పోతుందా?"

గాలి కప్పు మీది తాడుని కొడుతోంది, టప్, టప్.
మా నాన్న మందలో రెండువందల నలభై ఉండేవి.
ఆ సంఖ్య నాకిప్పటికీ గుర్తు.
ఒక్కదాని మొహమూ గుర్తులేదు.
ఆ మాట ఆమెకు చెప్పలేదు.
"రేపు పొద్దున్నే పంపండి" అన్నాను.

తర్వాతి రోజుల్లో గొర్రె చీలమండ ఎముకలు పరిచి
దుల్గూన్‌కి ఒకటీ రెండూ నేర్పాను.
ఏడుకి ఏడు అన్నాడు. పదికి పది.
పదకొండు దగ్గర ఒక ఎముక జేబులో వేసుకుని
పది, అన్నాడు.

ఇరవై ఒకటో రోజు వాన మబ్బు పట్టింది.
తాళ్ళు విప్పాం, పట్టాలు చుట్టాం,
తలుపు అన్నిటికంటే పైన కట్టాం.
కుర్చీలు నేనే లెక్కపెట్టాను, గట్టిగా, పిల్లలు వినేలా:
పన్నెండు.

ఇంజను మోగింది.
దుల్గూన్ లారీ వైపు ఒక్క చూపు చూశాడు.
"ఎర్రది రాలేదు" అన్నాడు.

బత్‌సూర్ నా మొహం చూసి
ఇంజను ఆపాడు.